గవ్వల పట్టెడ, గుల్లల నక్షత్రం: పండగ అలంకారాల వెనక చరిత్ర



కనుమ రోజు ఎడ్లని కడిగి, కొమ్ములకి రంగేసి, మెడలో గవ్వల పట్టెడ కట్టడం మనందరికీ తెలిసిందే. గంగిరెద్దు వస్తే దాని ఒంటి మీద బొంతకీ గవ్వలే, ముఖం మీద పట్టీకీ గవ్వలే. ట్రాక్టర్లు వచ్చాక ఎడ్లు తగ్గిపోయాయి గాని, ఆ పట్టెడలు ఇంకా కొందరి ఇళ్లల్లో అటక మీద మూటగట్టి ఉన్నాయి. మనం సముద్రం పక్కన ఉన్నాం కాబట్టి గవ్వంటే మనకి వింత కాదు. కానీ సముద్రం ఎలా ఉంటుందో చూడని తెలంగాణ పల్లెలో కూడా ఎద్దు మెడలో ఇదే గవ్వ ఉంటుంది. అంత దూరం ఎలా వెళ్లింది? పండగ అలంకారానికి గవ్వలు, గుల్లలు ఎప్పటినుంచి వాడుతున్నారు, ఎవరు చేసారు, ఎవరు బాగుపడ్డారు అనే సంగతులు ఈ వ్యాసంలో రాస్తున్నాను. లెక్కల పుస్తకంలో ఈ చరిత్ర ఎందుకని అనుకోకండి. ఈ ఏడాది మన ముందుకి వచ్చిన ఒక ప్రతిపాదనకీ దీనికీ సంబంధం ఉంది. ఆ సంగతి తరవాత చెప్తాను.

పట్టెడకి కుట్టే చిన్న పసుపు గవ్వలు ఎక్కువగా వచ్చింది మన తీరం నుంచి కాదు, మాల్దీవుల నుంచి. అక్కడివాళ్లు కొబ్బరి మట్టల్ని లోతు తక్కువ నీళ్లలో వేసేవాళ్లు. గవ్వపురుగులు వచ్చి ఆ ఆకుల్ని పట్టుకునేవి. తర్వాత మట్టలు ఒడ్డుకి లాగి, ఎండబెట్టి, లోపలి మాంసం పోయాక గవ్వలు రాల్చేవాళ్లు. ఇది పాతకాలం అరబ్బు యాత్రికులు రాసిన సంగతి. 14వ శతాబ్దంలో ఇబన్ బతూతా అనే యాత్రికుడు ఆ దీవుల్లో కొంతకాలం న్యాయాధికారిగా కూడా పనిచేసాడు. మాల్దీవుల వాళ్లు గవ్వలు బెంగాలుకి పంపి బదులుగా బియ్యం తెచ్చుకునేవాళ్లని ఆయన రాసాడు. ఓడ నీళ్లలో తేలిపోకుండా అడుగున బరువు ఉండాలి కదా, ఆ బరువు కోసం కూడా గవ్వల బస్తాలే వేసేవాళ్లంట.

అక్కడ గవ్వ అలంకారం కాదు, డబ్బు. బెంగాలులో, ఒరిస్సాలో సంతలో కూర కొన్నా ఉప్పు కొన్నా గవ్వలు లెక్కపెట్టి ఇచ్చేవాళ్లు. ఒరిస్సా లెక్కలో 1,280 గవ్వలు ఒక కహాణం. నాలుగు కహాణాలు, అంటే 5,120 గవ్వలు, ఒక రూపాయి. 1803లో ఇంగ్లీషు కంపెనీ ఒరిస్సాని పట్టుకున్నాక భూమి శిస్తు వెండి రూపాయిల్లోనే కట్టాలని పట్టుబట్టింది. రైతు దగ్గర ఉన్నవి గవ్వలు. వాటిని రూపాయిలుగా మార్చుకోడానికి పోతే గవ్వ రేటు పడిపోయింది. ఒక్క రూపాయి శిస్తు కట్టడానికి ముందుకన్నా ఎక్కువ గవ్వలు పొయ్యాల్సి వచ్చింది. 1817లో ఖుర్దా దగ్గర పాయికులు తిరగబడిన కారణాల్లో ఇదీ ఒకటని చరిత్రకారులు రాసారు. చేతిలో ఉన్న సొమ్ము చెల్లదని పైనుంచి ఒక మాట వస్తే సంసారం ఎలా తల్లకిందులవుతుందో 2016 నవంబరులో మనమూ చూసాం. డబ్బాలో దాచుకున్న నోట్లు పట్టుకుని బ్యాంకు ముందు లైన్లో నిలబడ్డవాళ్లకి ఈ ఒరిస్సా కథ వేరే చెప్పక్కర్లేదు.

మన భాషలో ఆ గవ్వల కాలం మాటగా మిగిలింది. "చిల్లిగవ్వ కూడా లేదు" అంటాం. గవ్వే తక్కువ విలువ, అందులో చిల్లి పడ్డది ఇంకా తక్కువ అని దాని అర్థం. కానీ నాకు ఒకటి అనిపిస్తుంది. చిల్లి లేకపోతే దారం ఎక్కదు. దారం ఎక్కకపోతే దండా లేదు, పట్టెడా లేదు. డబ్బుగా పనికిరాని గవ్వే అలంకారానికి పనికొచ్చింది.

ఇందుకు మంచి ఉదాహరణ లంబాడీ అక్కల బట్టలు. వాళ్ల పూర్వీకులు ఎడ్ల మీద ధాన్యం, ఉప్పు వేసుకుని దేశమంతా తిరిగేవాళ్లు. మొగలు సైన్యాల వెంట దక్కనుకి సరుకు మోసినవాళ్లలో వాళ్లున్నారు. తీరం నుంచి ఉప్పు లోపలి ఊళ్లకి చేర్చిందీ వాళ్లే. రైళ్లు వచ్చాక ఆ బతుకు పోయింది, గవ్వకీ డబ్బు విలువ పోయింది. కానీ వాళ్ల రవిక మీద, సంచి మీద, నీళ్లకుండ కింద పెట్టుకునే చుట్టకుదురు మీద గవ్వలు ఇంకా ఉన్నాయి. ఇవాళ లంబాడీ కుట్టు అని పట్నంలో పెద్ద రేటుకి అమ్ముతున్న సంచుల వెనక ఇంత కథ ఉంది.

శంఖం గురించి క్లుప్తంగా చెప్తాను, ఎందుకంటే అది మనకి పూజ వస్తువుగానే ఎక్కువ తెలుసు. సింధు నాగరికత కాలంలోనే, అంటే సుమారు 4,500 ఏళ్ల కిందట, గుజరాత్ తీరంలో నాగేశ్వర్ అనే చోట శంఖాన్ని కోసి గాజులు, గరిటెలు చేసేవాళ్లు. మన వైపు కొండాపూర్ లాంటి శాతవాహన కాలం ఊళ్ల తవ్వకాల్లో కూడా శంఖు గాజుల ముక్కలు దొరికాయి. బెంగాలులో పెళ్లయిన ఆడవాళ్లు ఇప్పటికీ తెల్లటి శంఖు గాజులు వేసుకుంటారు. దుర్గ పూజకి కొత్తవి కొనుక్కుంటారు. ఆ శంఖాలు మాత్రం బెంగాలువి కావు. తమిళనాడు తూత్తుకుడి దగ్గర సముద్రంలో మునిగి తీసినవి. మునిగేవాళ్లు ఒక చోట, కోసేవాళ్లు ఇంకోచోట, వేసుకునేవాళ్లు మరోచోట. మధ్యలో ఉన్న వ్యాపారి అన్ని చోట్లా ఉంటాడు.

ఇక అసలు సంగతికి వస్తాను. పట్నం వ్యాపారి ఒకాయన, ఈ ఏడాది తీరం పక్క గ్రామ సంఘాల దగ్గరకొచ్చి క్రిస్మస్ నక్షత్రాలు, సంక్రాంతి గుమ్మం తోరణాలు గుల్లలతో చేసిస్తే మొత్తం సరుకు తనే తీసుకుంటానని చెప్పాడు. మాదిరిగా ఇచ్చిన నక్షత్రం పల్చటి గుండ్రటి ఆల్చిప్పతో చేసింది. ఆ ఆల్చిప్ప అరచెయ్యంత ఉంటుంది, రెండు రెక్కలూ దాదాపు చదునుగా ఉంటాయి, వెనక దీపం పెడితే పాలరంగు వెలుగు బయటికొస్తుంది. శాస్త్రంలో దాని పేరు ప్లాకూనా ప్లాసెంటా. ఇంగ్లీషులో దాన్ని కిటికీ అద్దం ఆల్చిప్ప అన్నట్టుగా పిలుస్తారు. ఆ పేరు ఊరికే రాలేదు.

గోవాలో పోర్చుగీసు వాళ్లు 1510 నుంచి 1961 దాకా ఉన్నారు. అప్పట్లో గాజు పలకలు ఐరోపా నుంచి ఓడలో రావాలి. సగం దారిలోనే పగిలిపోయేవి, వచ్చినవాటికి ధర ఎక్కువ. అందుకని ఈ ఆల్చిప్పల్ని చదరంగా కోసి, చెక్క చట్రాల్లో బిగించి కిటికీలు చేసారు. ఎండ మంట లోపలికి రాదు, వెలుగు మాత్రం వస్తుంది. గోవా పాత ఇళ్లలో, చర్చిల్లో ఆ కిటికీలు ఇప్పటికీ కనిపిస్తాయి.

ఇదే పని ఫిలిప్పీన్స్ దీవుల్లో ఇంకా పెద్దగా జరిగింది. అక్కడ స్పెయిన్ వాళ్లు 1565 నుంచి 1898 దాకా ఏలారు. కింద రాయి, పైన చెక్కతో కట్టిన పాత పెద్దిళ్లలో పై అంతస్తు చుట్టూ ఈ ఆల్చిప్ప కిటికీలే. అక్కడ దాన్ని కాపిజ్ అంటారు, ఆ పేరుతో ఒక జిల్లా లాంటి ప్రాంతం కూడా ఉంది. కిటికీలో వెలుగుని జల్లెడ పట్టే ఆల్చిప్ప, పండగ దీపానికి కూడా పనికొస్తుందని వాళ్లకి తోచింది.

వాళ్ల క్రిస్మస్ ఆచారం వింటే మన ధనుర్మాసం గుర్తొస్తుంది. డిసెంబరు 16 నుంచి 24 దాకా తొమ్మిది రోజులు తెల్లారకముందే చర్చిలో ప్రార్థన. రైతులు పొలానికి పోయేముందు ప్రార్థన చేసుకుని పోవాలని అలా పెట్టారు. మనకీ ఇంచుమించు అదే రోజున నెలగంట పెడతారు. మనం చీకట్లో లేచి కళ్లాపి చల్లి ముగ్గేస్తుంటే అక్కడ వాళ్లు చీకట్లో దీపం పట్టుకుని నడిచేవాళ్లు. వీధి దీపాలు లేని కాలం కాబట్టి వెదురు పుల్లలతో చట్రం కట్టి, పల్చటి కాగితం అంటించి, లోపల దీపం పెట్టిన లాంతరు పట్టుకెళ్లేవాళ్లు. దాన్ని పరోల్ అంటారు. లాంతరుకి స్పెయిన్ భాషలో ఫరోల్ అని పేరు, అందులోంచి వచ్చిన మాట. ఏసు పుట్టినప్పుడు కనిపించిన చుక్కకి గుర్తుగా ఐదు కోణాల నక్షత్రం ఆకారం వచ్చింది. మొదటి నక్షత్రం లాంతరుని 1908లో పంపంగా ప్రాంతంలో ఒక చేతిపనివాడు చేసాడని అక్కడ చెప్పుకుంటారు.

పంపంగాలో సాన్ ఫెర్నాండో అనే ఊరు ఈ లాంతర్లకి పేరుపడింది. క్రిస్మస్‌కి ముందు పేటల మధ్య పోటీ పెడతారు. ఒక్కో లాంతరు సుమారు 20 అడుగుల ఎత్తు, వేల బల్బులు. పాటకి తగ్గట్టు ఆ బల్బులు వెలిగి ఆరడానికి ఒక ఇనప పీపాని చేత్తో తిప్పుతారు. పీపా మీద కొంతమేర అంటించిన పట్టీల వల్ల కరెంటు ఒకచోట తగులుతుంది, ఒకచోట తగలదు, అంతే కిటుకు. మన తీర్థాల్లో విద్యుత్ ప్రభలు కట్టే కుర్రాళ్లకి ఇది చెప్తే ఇట్టే పట్టేస్తారు.

కాగితం లాంతరు ఒక పండగకే. వానకి తడిస్తే అయిపోయింది. కరెంటు బల్బు వచ్చాక మన్నే లాంతరు కావాల్సొచ్చింది, అప్పుడు ఈ ఆల్చిప్పని తీసుకున్నారు. ఆల్చిప్పని కడిగి, పైపొర మురికి పోగొట్టి, కత్తెరతో కావాల్సిన ఆకారానికి కోసి, కొన్నిటికి రంగు పట్టించి, అంచులకి సన్నటి ఇత్తడి రేకు చుట్టి, ఒకదానికొకటి అతికి నక్షత్రం చేస్తారు. చాలా మటుకు ఇళ్లల్లో, చిన్న చిన్న పాకల్లో జరిగే చేతిపని. వేరే దేశాలకి పనికెళ్లిన ఫిలిప్పీన్స్ వాళ్లు కూడా తమతో ఒక నక్షత్రం తీసుకెళ్లి కిటికీకి వేలాడదీస్తారు. మన ఊళ్ల నుంచి గల్ఫ్‌కి వెళ్లిన ఆడపిల్లలు అక్కడి ఇళ్లల్లో, షాపుల్లో ఆ నక్షత్రాన్ని చూసే ఉంటారు.

ఇంతవరకూ వింటే మనమూ మొదలెడదాం అనిపిస్తుంది. అయితే ఆ నక్షత్రానికి ఇంకో ముఖం ఉంది. దీపాలు, పళ్లేలు, గలగలలాడే తోరణాలు అని ఎగుమతి పెరిగేకొద్దీ ఫిలిప్పీన్స్ అఖాతాల్లో ఆల్చిప్ప తగ్గిపోయింది. ఈ ఆల్చిప్ప లోతు లేని బురద నేల మీద పడుకుని ఉంటుంది, పారిపోలేదు. మొదట చేత్తో ఏరారు, తర్వాత ఇనప దంతెలతో బురదని గీకారు, పైగా ట్రాలర్లు వచ్చి నేలంతా దున్నినట్టు చేసాయి. ఎదగని పిల్లల్ని కూడా వదల్లేదు. ఒకప్పుడు పడవలకి పడవలు తీసిన చోట్ల ఇప్పుడు దొరకడం లేదు. కొన్ని చోట్ల ఏరడమే ఆపించాల్సొచ్చింది. కూలికి ఏరిన వాళ్ల పనీ పోయింది.

ఇప్పుడు మన సంగతి. ఫిలిప్పీన్స్‌లో దీపమైన ఇదే ఆల్చిప్ప మన కాకినాడ అఖాతంలోనూ ఉంది. గోదావరి తెచ్చిన ఇసకతో ఏర్పడ్డ హోప్ ఐలాండ్ అడ్డంగా ఉండబట్టి లోపల అలలు తక్కువ, బురద నేల. దానికి కావాల్సిన చోటు అదే. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ వాళ్లు 1980లలోనే కాకినాడ అఖాతంలో దాని పెరుగుదల మీద పరిశోధన రాసారు. గుజరాత్‌లో కచ్ఛ్ అఖాతంలో కూడా ఇది ఉంది. అక్కడ దీని లోపల దొరికే ఆవగింజంత ముత్యాల్ని మందుల్లో వాడేవాళ్లు.

మరి మనవాళ్లు దాన్ని ఏం చేసారు? సున్నం చేసారు. ఇది చెప్తే కొందరు నవ్వారు, అంత అందమైనదాన్ని కాల్చి సున్నం చెయ్యడమేంటని. నాకు నవ్వు రాలేదు. గుల్లసున్నం అంటే చిన్న విషయం కాదు. సిమెంటు రాకముందు గోడలు నిలబడ్డది సున్నంతోనే. డంగుసున్నం గానుగలో వేసి రోజుల తరబడి తిప్పిన అడుసుతో కట్టిన మేడలు ఇప్పటికీ గట్టిగా ఉన్నాయి. మద్రాసులో గుల్లసున్నం పూసి నునుపు పట్టిన గోడలు పాలరాయిలాగా మెరిసేవని 18వ శతాబ్దంలో వచ్చిన తెల్లవాళ్లు రాసిపెట్టారు. తాంబూలంలోకి సున్నం అదే, సంక్రాంతికి ఇంటికి వెల్ల అదే. అసలు ముందు నుంచీ మన పండగ అలంకారంలో సముద్రపు గుల్ల ఉంది. గోడకి పూసిన తెలుపులో ఉండేసరికి మనకి కనపడలేదు, అంతే.

సున్నపు బట్టీ పని చేసిన పెద్దవాళ్లు మన సంఘాల్లో ఇంకా ఉన్నారు. వాళ్లని అడిగితే చెప్తారు. గుల్లని, బొగ్గుని వరసలు వరసలుగా పేర్చి నిప్పు పెడతారు. కాలాక నీళ్లు చల్లితే సలసలా పొంగి, విరిగి, పిండవుతుంది. వంద కిలోల గుల్ల కాలిస్తే మిగిలే సున్నం సుమారు 56 కిలోలే, మిగతాది గాలిలో కలిసిపోతుంది. తట్టలు మోసింది ఎక్కువగా ఆడవాళ్లు. చేతులు ఒరుసుకుపోవడం, కళ్ల మంట, దగ్గు. ఆ ఇల్లు ఎవరు కట్టించారో శిలాఫలకం మీద ఉంటుంది. తట్ట మోసినావిడ పేరు ఏ ఫలకం మీదా ఉండదు.

ఈ ఆల్చిప్పతో నక్షత్రాలు మనం చెయ్యొచ్చా అన్న ప్రశ్నకి నా అభిప్రాయం వద్దనే. మొదటి కారణం చట్టం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం జాబితాల్లో 2001లో 24 రకాల గుల్లలు, శంఖాలు చేర్చారు. అందులో ఈ పల్చటి ఆల్చిప్ప ఒకటి. పెద్ద రెక్కల సముద్రపు ఆల్చిప్పలు, గళ్లు గళ్లుగా ఉండే నాటిలస్, గుండీలు చేసే ట్రోకస్ గుల్ల కూడా అందులోనివే. 2022లో ఆ చట్టం సవరించి జాబితాలు మళ్లీ రాసారు, అవి 2023 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చాయి. కాబట్టి ఏ గుల్ల సంగతైనా సరే, నోటిమాట మీద నమ్మకుండా అటవీ శాఖ రేంజి ఆఫీసుకి సంఘం లెటరుహెడ్ మీద అర్జీ పెట్టి, జవాబు కాగితం మీద తీసుకోవాలి. పట్టుబడితే సరుకు పోతుంది, కేసు సంఘం మీద పడుతుంది, బ్యాంకు లింకేజీ అప్పు మాత్రం మన నెత్తిమీదే ఉంటుంది. వ్యాపారి ఇంకో ఊరికి పోతాడు.

రెండో కారణం ఫిలిప్పీన్స్ కథలోనే ఉంది. అఖాతం మన చేపల వాళ్లకి, పీతల వాళ్లకి, రొయ్యపిల్లకి ఇల్లు. బురద గీకితే ఒక్క ఆల్చిప్పే పోదు.

అలాగని గుల్లల పనే వద్దని నేను అనట్లేదు. మాంసం తీసుకుని, వండుకుని, అమ్ముకుని పారేసే మామూలు గుల్లలు మన రేవుల దగ్గర కుప్పలు పడి కుళ్లు వాసన కొడుతున్నాయి. గీతలు గీతలుగా ఉండే లావుపాటి గుల్లకి రెండు రెక్కలు విప్పితే పువ్వు రేకులాగా ఉంటుంది. ఐదు కలిపి అంటిస్తే నక్షత్రమే. వెలుగు దాన్లోంచి రాదు గాని మధ్య సందుల్లోంచి వస్తుంది. సంక్రాంతి తోరణానికి, బొమ్మల కొలువుకి, దీపావళి ప్రమిద అంచుకి, క్రిస్మస్ నక్షత్రానికి, ఇంట్లో పీరు నిలిపే వాళ్ల పందిరికి కూడా అది సరిపోతుంది. మనలో అన్ని పండగల వాళ్లూ ఉన్నారు కదా. ఏ గుల్ల అయినా ముందు చెప్పిన కాగితం మాత్రం తీసుకోవాలి.

గుల్లల శుభ్రం గురించి ఒక హెచ్చరిక ఇక్కడే రాసేస్తున్నాను, చరిత్ర కాకపోయినా. తొందరగా తెల్లబడతాయని దుకాణాల వాళ్లు యాసిడ్‌లో ముంచుతారు. కొందరు బ్లీచింగ్ పౌడరు వేస్తారు. ఈ రెండూ ఒకే తొట్టెలో ఎప్పుడూ కలపకండి. కలిస్తే వచ్చే క్లోరిన్ గాలి ఊపిరి ఆపేస్తుంది, మూసిన గదిలో అయితే ప్రాణమే పోతుంది. ఉడకబెట్టి, బ్రష్షుతో తోమి, రెండు మూడు వారాలు ఎండలో పరిస్తే చాలా మటుకు వాసన పోతుంది, తెలుపూ వస్తుంది. నెమ్మది పనే, కానీ చేతులు మిగులుతాయి.

ఇంకొక్క కథ చెప్పాలి, ఇది అమెరికా వైపుది. 19వ శతాబ్దంలో ఓడల్లో పనిచేసే నావికులు ఇంటికెళ్లేటప్పుడు భార్యకో, ప్రేమించిన పిల్లకో ఒక బహుమతి తీసుకెళ్లేవాళ్లు. ఎనిమిది మూలల చెక్కపెట్టె, అద్దం మూత, లోపల వందల చిన్న చిన్న గుల్లలతో పువ్వులు, గుండె ఆకారం, ప్రేమ మాటలు. వాటిని నావికుల కానుకలంటారు. నెలల తరబడి సముద్రంలో ఊసుపోక నావికులే కూర్చుని చేసారని వందేళ్లు అందరూ నమ్మారు. మ్యూజియాల్లోనూ అలాగే రాసారు. 1961లో ఒక పరిశోధకురాలు ఆ పెట్టెల్ని జాగ్రత్తగా పరిశీలించి వేరే సంగతి రాసింది. గుల్లలన్నీ వెస్టిండీస్ వైపువి. బాగుచేయడానికి విప్పిన కొన్ని పెట్టెల్లో గుల్లల వెనక అంటించిన కాగితం బార్బడోస్ దీవి వార్తాపత్రిక. ఆ దీవిలో బ్రిడ్జ్‌టౌన్ అనే రేవులో ఒక వింత వస్తువుల దుకాణం ఉండేది, నావికులు అక్కడ కొనుక్కున్నారు. చేసింది ఆ దీవిలో ఆడవాళ్లు. ఇవాళ ఒక్కో పాత పెట్టె లక్షల రూపాయిలకి వేలంలో పోతుంది. చేసిన ఒక్క ఆడమనిషి పేరు కూడా పెట్టె మీద లేదు.

అదే కాలంలో లండన్‌లో మార్కస్ శామ్యూల్ అనే ఆయన తూర్పు దేశాల నుంచి గుల్లలు తెప్పించి, గుల్లలు అంటించిన చిన్న పెట్టెలు సముద్రపు ఒడ్డుకి షికారుకొచ్చే వాళ్లకి అమ్మేవాడు. అదే పేరున్న ఆయన కొడుకు, గుల్లల వ్యాపారంలో ఏర్పడ్డ పరిచయాలతోనే కిరసనాయిలు వ్యాపారంలోకి దిగాడు. 1892లో ఆయన నూనె ఓడ సూయజ్ కాలువ దాటింది, ఆ ఓడ పేరు మ్యూరెక్స్, అదీ ఒక గుల్ల పేరే. 1897లో పెట్టిన కంపెనీకి షెల్ అని పేరు పెట్టాడు. హైవే మీద పెట్రోలు బంకుకి పసుపు ఎరుపు గుల్ల బొమ్మ చూసినవాళ్లు మనలో ఉన్నారు కదా, అదే. గుల్లల పెట్టె నుంచి ప్రపంచంలో పెద్ద నూనె కంపెనీ దాకా వ్యాపారి వెళ్లాడు. పెట్టె మీద గుల్ల అంటించిన చేతులు ఎక్కడున్నాయో అక్కడే ఉన్నాయి.

అందుకే వచ్చే సర్వసభ్య సమావేశంలో పెట్టబోయే తీర్మానంలో మూడు మాటలు చేర్చమని కార్యవర్గాన్ని కోరాను. పల్చటి ఆల్చిప్ప, జాబితాలో ఉన్న ఏ గుల్లా ముట్టుకోకూడదు. అటవీ శాఖ కాగితం చేతికొచ్చేదాకా ఎవరి దగ్గరా అడ్వాన్సు తీసుకోకూడదు. తయారైన ప్రతి తోరణానికీ, నక్షత్రానికీ కట్టే చీటీ మీద వ్యాపారి పేరు కాకుండా సంఘం పేరు, ఊరి పేరు, చేసినావిడ ఇష్టపడితే ఆవిడ పేరు తెలుగులో రాయాలి. చీటీల అచ్చు ఖర్చు గ్రామ సంఘం నిధి నుంచి పెట్టుకోవచ్చా లేదా అన్నది ఆరోజు మీరందరూ వచ్చి తేల్చాలి.